ఈట్రెక్స్‌లోకి జియోకాష్‌లు ఎక్కించుకోవడం: నా అనుభవం

చేతిలో ఫోన్ ఉండగా మళ్ళీ విడిగా ఈట్రెక్స్ లాంటి జీపీఎస్ డబ్బా దేనికి అని చాలామంది అడుగుతుంటారు, కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేస్తాను. ఊళ్ళో తిరిగేంతసేపు దాంతో పనిలేదు. మేం ఉండేది సియాటిల్ పక్కన బాతెల్‌లో, ఇక్కడ పార్కుల్లో, వాగుల గట్ల మీద, కాలిబాటల పక్కన జియోకాషింగ్ ఆట కోసం దాచిన డబ్బాలు, అంటే కాష్‌లన్నీ ఫోన్‌లో యాప్ పెట్టుకుని హాయిగా వెతికేయొచ్చు. ఐ-90 హైవే పట్టుకుని కాస్కేడ్ కొండల్లోకి వెళ్తే మాత్రం సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతాయి, చలికి బ్యాటరీ దిగిపోతుంది, తుంపర పడిందంటే తడి వేళ్ళకి స్క్రీన్ మాట వినదు. ఫోన్ జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు కదా, కాష్‌ల వివరాలు ముందే దించుకోవచ్చు కదా అంటారు, నిజమే. కానీ ఏదైనా అయితే సాయానికి పిలవాల్సింది కూడా ఆ ఫోన్‌తోనే, దాని ఛార్జింగ్ ఆటకి తగలేయడం నాకిష్టం లేదు.

అసలు జియోకాషింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎవరో ఒకరు ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైట్‌లో పెడతారు. మనం వెళ్ళి వెతికి, పుస్తకంలో పేరు రాసి, డబ్బా ఎక్కడ తీశామో అక్కడే పెట్టి రావాలి, అంతే. అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతూ వచ్చిన తేడాని 2000 మే మొదట్లో తీసేసింది, దాంతో వంద మీటర్లు అటూ ఇటూ చూపించే రిసీవర్లు ఒక్కసారిగా పది ఇరవై మీటర్లలోకి వచ్చేశాయి. అది ఎంతవరకు నిజమో చూద్దామని డేవ్ అల్మర్ అనే ఆయన మే 3న ఆరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి ఆ చోటి వివరాలు నెట్‌లో పెట్టాడు. ఆ బకెట్‌లో వేసిన వస్తువుల్లో ఒక బీన్స్ డబ్బా కూడా ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియోకాషింగ్ వెబ్‌సైట్ మొదలైంది, దాన్ని నడిపే ఆఫీసు మా సియాటిల్‌లోనే ఫ్రీమాంట్‌లో ఉంది.

మా అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్తే "అంత దూరం పోయి గుప్తనిధుల వేట మొదలెట్టావా తల్లీ, పోలీసులు పట్టుకుపోతారు జాగ్రత్త" అంది. తవ్వకాలు లేవమ్మా, డబ్బాని నేలలో పాతిపెట్టకూడదని ఈ ఆటకి రూలే ఉంది అని చెప్పినా నమ్మలేదు.

నాకు ఈ జీపీఎస్ డబ్బా అవసరం పడింది స్నోక్వాల్మీ సొరంగం వల్ల. కాస్కేడ్ కొండల్లో హయాక్ దగ్గర మొదలయ్యే పాత రైలు సొరంగం అది, 1980లో రైళ్ళు ఆగిపోయాక కాలిబాట చేశారు, పొడవు సుమారు 2.3 మైళ్ళు. లోపల లైట్లు ఉండవు, ఎండాకాలంలో కూడా ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగాలి కొడుతుంది. ఆ సొరంగం అవతలి కొస దగ్గర, జియోకాషర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసిపోయే కాష్ ఒకటుంది, వెబ్‌సైట్‌లో దాని నంబరు జీసీ1169. ఒక హాలీవుడ్ సినిమా ప్రచారం కోసం 2001లో పెట్టిన కాష్‌లలో ఇప్పటికీ ఆటలో ఉన్నవి రెండే, ఒకటి ఇది, రెండోది బ్రెజిల్‌లో. ఇది కూడా 2011లో మాయమైపోయి, ఏళ్ళ తర్వాత దొరికి, మళ్ళీ తన చోటికి చేరింది. అలాంటి చోటుకి వెళ్తూ ఆ ఒక్కటే చూసి వచ్చేయలేం కదా, దారిలో ఇంకా బోలెడు ఉన్నాయి.

ఆఫీసులో మా పక్క టీమ్‌లో ఒక అన్నయ్య ఉన్నారు, నెల్లూరాయన, పదేళ్ళకు పైనే ఇదే పిచ్చి. నా ప్లాన్ విని "ఏందమ్మా, ఫోన్ పట్టుకొని టన్నెల్లోకి పోతావా ఏంది?" అని నవ్వి, మర్నాడు తన పాత గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ తెచ్చి చేతిలో పెట్టారు. "వాడుకో, నచ్చితే కొనుక్కో, నాకు వేరేది ఉండాది."

అరచేతిలో పట్టే డబ్బా అది, స్క్రీన్ 2.2 అంగుళాలు, టచ్ కాదు. ముందు వైపు కుడి పైమూలలో చిన్న బుడిపె ఉంటుంది, దాన్నే నాలుగు వైపులా తోసి, లోపలికి నొక్కి పని కానివ్వాలి. మొదట చిరాకు వేసింది, అరగంటలో బొటనవేలికి అలవాటైపోయింది. రెండు డబుల్ ఏ బ్యాటరీలు వేస్తే పాతిక గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. అందులో నాకు బాగా నచ్చింది ఇదే, అయిపోతే ఏ పెట్రోల్ బంకులోనైనా కొనుక్కుని వేసుకోవచ్చు.

ఇక ఎక్కించడం. వెబ్‌సైట్‌లో ఖాతా ఉచితమే. కానీ ఉచిత ఖాతాలో కాష్ పేజీ నుంచి దొరికేది ఎల్‌ఓసీ అనే ఫైల్, అందులో కాష్ పేరు, అది ఉన్న చోటు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. పైగా దాన్ని ఈట్రెక్స్ నేరుగా చదవదు, ఈజీజీపీఎస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో పంపాలి. పంపినా అవి మామూలు జెండా గుర్తుల్లా వేపాయింట్ల, అంటే గుర్తు పెట్టుకున్న మామూలు చోట్ల జాబితాలో కూర్చుంటాయి, జియోకాష్ మెనూలోకి రావు. డబ్బు కట్టే సభ్యులకి దొరికే జీపీఎక్స్ ఫైల్ సంగతి వేరు. వివరణ, కష్టం ఎంత, దారి ఎలాంటిది, డబ్బా సైజు, హింట్, ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు రాసిన చివరి కొన్ని మాటలు, అన్నీ అందులోనే వస్తాయి. పదీ ఇరవై కాష్‌లకి చేత్తో అంకెలు కొట్టుకోవడానికి ఓపిక ఉన్నవాళ్ళు ఉచితంగానే కానివ్వొచ్చు, నాకు లేదు, కట్టేశాను.

ఆ తర్వాత పాకెట్ క్వెరీ. ఫలానా చోటు నుంచి ఇన్ని మైళ్ళలోపు, ఫలానా రకం, నేను ఇంకా వెతకనివి, ఇప్పుడు ఆటలో ఉన్నవి అని టిక్కులు పెట్టి అడిగితే వెబ్‌సైట్ ఆ కాష్‌లన్నిటినీ ఒకే మూటగా కట్టి ఇస్తుంది. ఒక్కో మూటలో వెయ్యి దాకా ఇస్తారు. ఇక్కడే కొత్తవాళ్ళకి ఆశ పుడుతుంది, ఎలాగూ ఇస్తున్నారు కదా వెయ్యీ ఎక్కించేద్దాం అనిపిస్తుంది. అన్నయ్య ఒప్పుకోలేదు. "వెయ్యి ఎక్కిస్తే ఒక్కటీ చదవవు. పది ఎక్కించు, పదీ చదువు" అన్నారు. తర్వాత ఈ ఆటలో తిరిగినకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే ఈ డబ్బాకి సొంత తెలివి ఏమీ ఉండదు, ఇంట్లో కూర్చుని మనం ఏది పెడితే కొండ మీద అదే చూపిస్తుంది. అసలు పని అడవిలో కాదు, ముందు రోజు రాత్రి బల్ల దగ్గర.

కాబట్టి ఎంచుకోవడం గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ప్రతి కాష్‌కీ కష్టం, దారి అని రెండు అంకెలుంటాయి, రెండూ 1 నుంచి 5 దాకా, మధ్యలో అరలు కూడా. మొదటిది వెతకడం ఎంత కష్టమో, రెండోది అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్తుంది. దారి 5 అంటే పడవో తాళ్ళో కావాల్సి రావచ్చు, ఏదో ఎత్తుగా ఉంటుందిలే అనుకుని వెళ్తే అంతే సంగతులు. మొదట్లో రెండూ రెండు లోపల ఉన్నవే పెట్టుకోండి. రకాల్లో సంప్రదాయమైనవి చాలు, అంటే అంకెలు ఏ చోటు చూపిస్తే డబ్బా అక్కడే ఉండేవి. మిస్టరీ రకానికి వెబ్‌సైట్‌లో పెట్టే చోటు ఉత్తుత్తిది, పజిల్ విప్పితేనే అసలు చోటు తెలుస్తుంది, అది సాధారణంగా రెండు మైళ్ళలోపు ఎక్కడైనా ఉండొచ్చు. పజిల్ విప్పకుండా అది మెషీన్‌లోకి ఎక్కిస్తే ఏమీ లేని చోట పొదలు గాలించడమే. మల్టీ, అంటే ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి వెళ్ళే రకంలో మొదటి మజిలీ మాత్రమే ఫైల్లో ఉంటుంది, మిగతావి అక్కడికక్కడ తెలుసుకోవాలి.

ఆ తర్వాత లాగ్‌లు, అంటే వెళ్ళొచ్చినవాళ్ళు రాసినవి. ఒక కాష్‌కి చివర వరసగా మూడు నాలుగు "దొరకలేదు" అని ఉంటే డబ్బా పోయి ఉండే అవకాశమే ఎక్కువ, నేనైతే తీసేస్తాను. వివరణలో "కింది ఫొటో చూడండి" అని ఉంటే ఆ పేజీని విడిగా ఫోన్‌లో దాచుకోవాలి, ఈట్రెక్స్ ఆ బొమ్మలు చూపించదు, అక్షరాలే చూపిస్తుంది. వెబ్‌సైట్‌లో హింట్ మార్చేసిన అక్షరాలతో ఉంటుంది, ఇంగ్లీషు అక్షరమాలలో పదమూడు స్థానాలు జరిపి రాస్తారు, పొరపాటున కంట పడి ఆట చెడిపోకుండా. మెషీన్‌లోకి వచ్చేసరికి మామూలుగా చదివే రాతలోనే ఉంటుంది, కాబట్టి ఆగలేనివాళ్ళు ఆ మెనూ జోలికి పోకుండా ఉండటం మంచిది. మా ఆయన కారులోనే చదివేస్తారు, అది వేరే గొడవ.

అలా ఏరి ఒక జాబితా చేసుకుని, ఆ జాబితా మీద క్వెరీ నడిపితే ఒక జిప్ ఫైల్ వచ్చింది. దాన్ని విప్పాలి, జిప్‌గా అలాగే పడేస్తే మెషీన్‌కి ఏమీ అర్థం కాదు. విప్పితే లోపల రెండు జీపీఎక్స్ ఫైళ్ళు ఉన్నాయి. పెద్దది కాష్‌లది. చిన్నదాని పేరు చివర డబ్ల్యూపీటీఎస్ అని ఉంటుంది, చాలామంది అది అనవసరం అనుకుని వదిలేస్తారట. అందులో ఉండేది కారు ఎక్కడ ఆపాలి, కాలిబాట ఎక్కడ మొదలవుతుంది లాంటి చోట్లు. కాష్ గాల్లో లెక్కేస్తే మూడొందల అడుగుల దూరంలో కనిపిస్తుంటుంది, మధ్యలో వాగు ఉంటుంది, వంతెన ఎక్కడో మైలు అవతల ఉంటుంది. అలాంటప్పుడు ఆ చిన్న ఫైలే కాపాడేది. రెండూ ఎక్కించండి.

కేబుల్ సంగతికి వద్దాం. ఈట్రెక్స్ వెనక పై భాగాన రబ్బరు మూత ఉంటుంది, గోరుతో లేపితే కింద మినీ యూఎస్‌బీ పోర్ట్, ఇప్పటి ఫోన్లది కాదు, దానికంటే ముందు తరం. ఇంట్లో వెతికితే డ్యాష్‌క్యామ్‌తో వచ్చిన కేబుల్ దొరికింది. గుచ్చితే మెషీన్ వెలిగింది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏమీ రాలేదు. పోర్ట్ మార్చాం, రీస్టార్ట్ చేశాం, ఉహూఁ. కొన్ని కేబుళ్ళలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు, బయటికి చూస్తే తేడా తెలియదు. అన్నయ్య ఇచ్చిన కేబుల్ పెట్టగానే ఈట్రెక్స్ స్క్రీన్ మీద కంప్యూటర్ బొమ్మ వచ్చింది, ల్యాప్‌టాప్‌లో పెన్ డ్రైవ్‌లాగా గార్మిన్ అనే డ్రైవ్ తెరుచుకుంది. ఆ కంప్యూటర్ బొమ్మే గుర్తు. అది రాకపోతే ఇంకేమీ అనుమానించకుండా ముందు కేబుల్ మార్చండి.

డ్రైవ్‌లో గార్మిన్ అనే ఫోల్డర్, దాని లోపల జీపీఎక్స్ అనే ఫోల్డర్. రెండు ఫైళ్ళనీ అందులో పేస్ట్ చేయాలి. అంతే, సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. నేను ఏవేవో ఇన్‌స్టాల్ చేయాలేమో అని టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే ఫొటోలు కాపీ చేసినంత పని. వేల కాష్‌లని వడగట్టుకుంటూ కూర్చునేవాళ్ళకి జీశాక్ లాంటి ప్రోగ్రాములు ఉన్నాయి, మొదట్లో వాటి జోలికి పోకపోతేనే నయం. కాపీ అయ్యాక కేబుల్ అమాంతం పీకేయకండి, కంప్యూటర్‌లో ఎజెక్ట్ కొట్టి తీయండి. సగం రాసిన ఫైల్ మిగిలిందంటే మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు దాని దగ్గరే ఆగి సతాయిస్తుంది.

కేబుల్ తీసి ఆన్ చేసి, మెనూలో జియోకాష్ బొమ్మ నొక్కితే మనం ఎక్కించినవి దగ్గర నుంచి దూరం వరసలో కనిపిస్తాయి. ఇంట్లోనే ఒకటి తెరిచి వివరణ, హింట్, లాగ్‌లు అన్నీ వచ్చాయో లేదో చూసుకోండి. నేను జీసీ1169 తెరిచాను, బుడిపెని కిందికి తోస్తుంటే ఆ చిన్న స్క్రీన్ మీద వివరణ అంతా జరుగుతూ వచ్చింది, ప్రాణం లేచొచ్చింది.

సెట్టింగుల్లో మూడే చూడాలి. పొజిషన్ ఫార్మాట్ డిగ్రీలు, నిమిషాలు, నిమిషాల్లో మూడు దశాంశాలు ఉండే పద్ధతిలో ఉండాలి, కాష్ పేజీల్లో వాడేది అదే. ఫైల్ నుంచి ఎక్కించినవాటికి ఇది ఎలా ఉన్నా ఫర్వాలేదు, కానీ మల్టీలో రెండో మజిలీ అంకెలు చేత్తో కొట్టేటప్పుడు తేడా ఉందంటే ఎక్కడికో తీసుకెళ్తుంది. ఆ చివరి దశాంశం ఒక్కటి మారితే ఉత్తర దక్షిణాల్లో దాదాపు రెండు మీటర్లు తేడా. మ్యాప్ డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల లెక్కకి వాడే భూమి నమూనా, డబ్ల్యూజీఎస్ 84 అని ఉండాలి. బ్యాటరీ రకం మనం వేసినదే పెట్టాలి, రీఛార్జబుల్ వేసి ఆల్కలైన్ అని ఉంచితే మీటర్ తప్పుడు లెక్క చెప్తుంది.

జూలైలో వెళ్ళాం. సొరంగాన్ని చలికాలం మూసేస్తారు, మే నుంచి తెరుస్తారు. హయాక్‌లో కారు ఆపడానికి రాష్ట్ర పార్కులకి వాడే డిస్కవర్ పాస్ కావాలి. తలకి లైట్లు పెట్టుకుని, స్వెటర్లు వేసుకుని లోపలికి నడిచాం. కాసేపట్లోనే ఈట్రెక్స్ శాటిలైట్లు అందడం లేదని మొర పెట్టింది, ఎందుకు అందుతాయి, నెత్తిన కొండ ఉంది. అప్పుడు దాన్ని ఆపేసి జేబులో వేసుకోవచ్చు. అవతల బయటికొచ్చాక వెంటనే బాణం నమ్మి పరిగెత్తకూడదు, ఆకాశం కనిపించే చోట రెండు మూడు నిమిషాలు నిలబడాలి, పైన, ఎన్ని అడుగులు తేడా ఉండొచ్చో చూపించే అంకె తగ్గుతూ వచ్చి ఒక చోట ఆగుతుంది.

ఇంకో సంగతి, 22ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు, అది దీని పై మోడల్ 32ఎక్స్‌లో ఉంటుంది. కదులుతుంటేనే బాణం సరైన వైపు చూపిస్తుంది, నిలబడిపోతే అది చూపించేది నమ్మడానికి లేదు. అందుకని దగ్గరికి వచ్చేకొద్దీ నాలుగడుగులు వేసి చూడటం, మళ్ళీ నాలుగు వేయడం. ముప్ఫై అడుగుల లోపుకి వచ్చాక స్క్రీన్ చూడటం మానేసి కళ్ళతో వెతకాలి, చెట్ల కింద, కొండ వాలులో అంతకంటే కచ్చితంగా అది చెప్పలేదు. నేనైతే ఎక్కడ దాస్తే బాగుంటుందా అని ఆలోచించి అక్కడ చెయ్యి పెడతాను. ఎక్కడ దొరికిందో రాయను, వెళ్ళేవాళ్ళ ఆట పాడవుతుంది.

పుస్తకంలో పేరు రాశాం, పెన్ను మనదే తీసుకెళ్ళాలి. డబ్బాలో వస్తువు ఏదైనా తీసుకుంటే దానికి తగ్గది ఇంకోటి పెట్టాలి. నేను చిన్న కొండపల్లి బొమ్మ ఒకటి పెట్టాను. తినేవి మాత్రం పెట్టకూడదు, వాసనకి జంతువులు వచ్చి డబ్బాని పీకేస్తాయి.

దొరకగానే మెషీన్‌లోనే లాగ్ అటెంప్ట్ అని ఉంటుంది, దాంట్లో దొరికింది, దొరకలేదు, బాగుచేయాలి, వెతకలేదు అని నాలుగు. ఒకటి నొక్కితే ఆ కాష్‌కి ఆ గుర్తు పడుతుంది, తర్వాత దగ్గరలో ఉన్నది ఏదో కూడా అదే చూపిస్తుంది. వ్యాఖ్య కూడా రాయొచ్చు గానీ ఆ బుడిపెతో ఒక్కో అక్షరం ఏరుకుంటూ కూర్చునే ఓపిక దేవుడికి కూడా ఉండదు. ఒకటి రెండు గుర్తు మాటలు కొడితే చాలు.

ఇంటికొచ్చి మళ్ళీ అదే కేబుల్ పెడితే గార్మిన్ ఫోల్డర్‌లో జియోకాష్ విజిట్స్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. దాన్ని వెబ్‌సైట్‌లో డ్రాఫ్ట్‌లు అనే చోట అప్‌లోడ్ చేస్తే మనం వెళ్ళినవన్నీ తేదీ, టైముతో సహా వరసగా వచ్చేస్తాయి, ఒక్కోటి తెరిచి నాలుగు మాటలు రాసి పంపడమే. దొరకనివి కూడా రాయండి, డబ్బా పెట్టినవాళ్ళకి అది పోయిందో లేదో తెలిసేది వాటి వల్లే. చాలామంది సిగ్గుపడి ఎగ్గొడతారు.

పనిలో పనిగా జీపీఎక్స్ ఫోల్డర్‌లో పాత ఫైళ్ళు రెండూ తీసేయండి. అవి దించుకున్న రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతాయి, ఆ తర్వాత పోయిన కాష్, మూసేసిన కాష్ అన్నీ ఇంకా ఉన్నట్టే చూపిస్తాయి. తర్వాతి శనివారం ఎక్కడికి వెళ్తారో దానికి శుక్రవారం రాత్రి కొత్తవి దించుకోండి. అన్నయ్య డబ్బా అన్నయ్యకి ఇచ్చేశాను, నేను 32ఎక్స్ కొనుక్కున్నాను, ఆ దిక్సూచి కోసమే.